డిమాండ్ లేకుంట ట్యాంకెక్కినోడు

గొల్లపల్లికి అవతల ఒక ఊరు. పొద్దు బాగానే ఎక్కింది. నీళ్ల ట్యాంకు మీద, అంచున కాళ్లు వేలాడేసుకుని, దుబాయ్ ప్రయాణానికి తొడుక్కున్న కొత్త అంగీలో భూమేశ్. ఇనుప నిచ్చెన ఎక్కి, ఊపిరి అందక, ఇప్పుడే పైకి చేరిన అతని భార్య వసంత. కింద ఊరు ఊరంతా ఉంది. అతణ్ణి ఎయిర్‌పోర్టుకు తీసుకుపోవలసిన కారు ఉంది. వసంతకు మాటిమాటికీ ఫోను చేస్తున్న సర్పంచ్ పరశురాములు ఉన్నాడు.

"దగ్గరికి రాకు వసంతా. ఆడనే కూసో."

"నిచ్చెన ఇంకా ఇడువనే లేదు, నేనేడ అస్త నీ దగ్గరికి? నువ్వు ఆ అంచు ఇడిశి జర లోపటికి జరుగు."

"నిన్నెవ్వలెక్కుమన్నరు?"

"నిన్నెవ్వలెక్కుమన్నరు? దేవునికి దండం వెట్టి, నిన్ను గన్న అవ్వ కాళ్లు మొక్కి, పెట్టె కారుల వెట్టి, ఇప్పుడే అస్త అని పోయినోడు ట్యాంకు మీద తేలుతడా?"

"ఫోను మోగుతుంది సూడు. ఎత్తు. లేకుంటె ఆ పరశురాములన్న సుత పైకస్తడు."

"హలో. ఆ, అన్నా. మాట్లాడుతున్న."

"స్పీకర్ వెట్టు చెల్లె. భూమేశా, ఇనవడుతుందా? నీ డిమాండ్ ఏందో చెప్పు తమ్మి."

"ఏం లేదన్నా."

"ఏం లేకుంట ఎవ్వడన్న ట్యాంకెక్కుతడార? ఎల్లంతకుంటల ఒకాయిన ఎక్కిండు, భూమి పట్టా గావాలన్నడు. సిరిసిల్ల దిక్కు ఒక పోరడు ఎక్కిండు, పిల్లనిస్తలేరన్నడు. దానికో పద్ధతుంటది. ఎస్సై సారు తొవ్వల ఉన్నడు, రాంగనే డిమాండ్ ఏందంటడు. నేనేం చెప్పాలె?"

"ఏం లేదని చెప్పు."

"నా ఇజ్జత్ తియ్యకు. ఏదో ఒకటి అడుగు. ఒప్పుకున్నమని నేను మైకుల అంట, నువ్వు దిగు. అయిపాయె."

"ఫోను పెట్టెయ్ వసంతా."

"పెట్టేసిన. ఇగ నాకు చెప్పు. ఏజెంటు మోసం జేసిండా?"

"లేదు."

"ఆడ కంపెనీల కొడుతుండ్రా?"

"లేదే."

"నా మీద ఎవ్వలన్న నీకు ఏమన్న చెప్పిండ్రా?"

"ఛీ. ఏం మాటలవి."

"మరేందయ్యా? నా పానం పోయేటట్టున్నది. నోరిడిశి చెప్పు."

"మన పోరడు అభినవ్ అడిగిండు."

"ఏమడిగిండు?"

"నిన్న పెట్టె కడుతుంటె వాడు తాడు వట్టుకున్నడు. వాళ్ల కాలేజీకి ఎవరో సారచ్చి, మీ గోల్ ఏందో చెప్పుండ్రి అన్నడట. మీ అమ్మ వెట్టింది గాదు, నాయిన వెట్టింది గాదు, మీ లోపటికెళ్లి అచ్చింది చెప్పుండ్రి అన్నడట. నాయినా, నీ గోల్ ఏందే అన్నడు."

"పోరలు గట్లనే అడుగుతరు. ఏమన్నవ్ మరి?"

"ఇల్లన్న. ఇల్లయింది గదా అన్నడు. ఇంకా పైన అంతస్తు ఎయ్యాలె బిడ్డా అన్న. పైన ఎవలుంటరు నాయినా అన్నడు."

"ఊఁ."

"ఊఁ అంటవేందే? ఎవలుంటరు? చెప్పు. అవ్వ మెట్లెక్కది. పోరడు సదువని ఎటో పోతడు. నేను ఆడ ఉంట. నువ్వొక్కదానివి కింద పండుకుంటవా, మీద పండుకుంటవా?"

"కింది అర్రలే ఊడ్వలేక సస్తున్న."

"మరెందుకు పైన కట్టుమన్నవ్?"

"నేనా? నేనెప్పుడన్న?"

"ఫోన్ల. కోరుట్లల మీ అక్క సంధ్య ఇంటికి పోయచ్చినంక. వాళ్లింటి మీద గాలి మంచిగస్తుందన్నవ్."

"గాలి మంచిగస్తుందంటె ఇల్లు కట్టుమన్నట్టా? ఎండకాలం. కరెంటు పోయింది. మీద పండుకున్నం, గాలచ్చింది, నీకు జెప్పిన. గంతే. నువ్వు గదా పై అంతస్తుకని స్లాబు మీదికి ఇనుప సలాకలు ఇడిపిచ్చింది? ఆయిన పానమంత పై అంతస్తు మీదనే ఉన్నదని నేను నోరు మూసుకున్న."

"నేనెప్పుడిడిపిచ్చిన? స్లాబేసిననాడు నేను దుబాయ్ల ఉంటి. మేస్త్రి ఇడిశిండు."

"మేస్త్రి నన్నడగలే. నువ్వు ఫోన్ల జెప్పినవనుకున్న."

"నువ్వు దగ్గరుండి జెప్పినవని నేననుకున్న."

"అయ్యో. అందరికి ఇడుస్తం అక్కా, మీకూ ఇడిశినం అన్నడు వాడు."

"అందరికి ఇడిశిండు. అటు సూడు, ఈడికెళ్లి ఊరంత కనవడుతుంది. ఏ ఇల్లు సూడు, నెత్తి మీద నాలుగు దిక్కుల సలాకలే. తుప్పు వట్టి నిలవడ్డయి. ఆ తుప్పు కోసం ఒక్కొక్క ఇంట్లకెళ్లి ఒక్కొక్క మొగోడు ఎడారిల మాడుతుండు. పోయేటోన్ని తొవ్వల ఆపి అడుగుతరు, పైన ఎప్పుడేస్తవు భూమేశా అని. ఎందుకేస్తవు అని ఒక్కడన్న అడిగిండా? నా కొడుకు అడిగిండు."

"గంత గట్టిగ మాట్లాడకు. జారుతవ్. ఎన్కకు జరుగు."

"ముస్తాబాద్ ముత్యం యాదికున్నడా?"

"దుబాయ్ల నీ రూముల ఉండేటాయిన. ఫోన్ల నన్ను చెల్లె అనేటోడు. గుండె ఆగి..."

"కాయితంల గట్లనే రాసిండ్రు. సచ్చే ముంగట రోజు పనికెళ్లి అచ్చి, బెడ్డు మీద ఒరిగి, టైల్సు ముచ్చట వెట్టిండు. పై అర్రలకు తెల్లయి ఏద్దునా పచ్చయి ఏద్దునా అని. పైన ఎవలుంటర్రా అంటె, ఏమో రా, అందరు ఏస్తుండ్రు గదా అన్నడు. తెల్లారి లేపితె లేవలే. శవం పెట్టె వాళ్లింటికచ్చిననాడు మీరు పోయినరు. యాడ దించిండ్రు?"

"వాకిట్ల."

"పైన?"

"పైన ఇంక స్లాబే పడలే. ఎందుకు ఇప్పుడా ముచ్చట?"

"ఎండకు భయం లేదు వసంతా నాకు. పనికీ భయం లేదు. ఎందుకు పోతున్ననో తెల్వకుంట పోవుడంటెనే భయమైతుంది. మొదలు చెల్లె పెండ్లి అన్నరు, పోయిన. బోరన్నరు, పోయిన. ఇల్లన్నరు, పోయిన. ఎవలో ఒకలు అనుడు, నేను బ్యాగు ఎత్తుకొనుడు. నాకేం గావాలె అని నన్ను నేను అడుక్కోలే. నిన్న వాడు అడిగినంక లోపట దేవులాడిన. ఎండిన బాయిల బకెటేసినట్టయింది. చప్పుడైతె అచ్చింది, నీళ్లు రాలే. ఇంత మనిషిని, ఇంత వయసచ్చింది, లోపట ఏం లేదు. ఇగ నేనుంటె ఎంత, లేకుంటె ఎంత?"

"ఇటు సూడు. కిందికి సూడకు, నా మొకం సూడు. నేనొకటి అడుగుత, నిజం చెప్పు. ఈ సుట్టీల, ఇంటికచ్చినంక, ఒక్కనాడన్న నీ పానం కుదుటపడ్డదా?"

"నవ్వుతవ్."

"నవ్వే మొకమేనా ఇది?"

"ఒడ్డు చెక్కిననాడు."

"ఏ ఒడ్డు? పొలం ఒడ్డా?"

"ఆ. తూము కాడిది. ఎలుకలు బొక్కలు వెట్టి నీళ్లన్ని పక్క మడిలకు కారుతుంటె, పార వట్టుకొని దిగిన. గడ్డి చెక్కి, బురద మెత్తి, అరచేత్తోని నున్నగ జేసిన. తెల్లారి పోయి సూస్తె సుక్క కారలే. ఆడనే ఒడ్డు మీద కూసున్న. చాయ్ తాగ రమ్మని నువ్వు ఫోన్ జేస్తె ఎత్తలే, యాదికున్నదా?"

"యాదికున్నది. తిట్టిన."

"ఆ పని నాకెవ్వలు చెప్పలే. ఎవ్వలు సూడలే. నా మనసుకు జేయాలనిపిచ్చింది, జేసిన."

"మరి గదే గద నీ కొడుకు అడిగింది. లోపట ఏం లేదన్నవ్, ఉన్నది గదా. ఉంట, పొలం జేసుకుంట అని చెప్పు."

"ఎవలికి? మైకుల చెప్పాల్నా? ఒడ్లు చెక్కుకుంటడట అని పండ్లు బయటవెట్టి నవ్వుతరు. దుబాయ్ పోయినోడు మల్ల పార వడతడా అంటరు. మీ అక్క ఏమంటది?"

"మా అక్క వచ్చి నీ పక్కల ఉంటదా? ఆమెతోని ఏం పని?"

"నువ్వేమంటవ్?"

"ఇన్నేండ్లు బీడీలు జేసి మెడలు వంకరవోయినయి నాయి. నువ్వు పార వడితె నాకేం నామోషీ? ఫోను మల్ల మోగుతుంది. ఆగు. అన్నా, చెప్పు."

"చెల్లె, ఎస్సై సారచ్చిండు. డ్రైవరు లొల్లి వెడుతుండు, ఇంక లేటయితె విమానం అందదట. మీ అత్త బాలవ్వ సోలి పడ్డది. నీళ్లు సల్లినం, కూసున్నది. భూమేశా, ఇంటున్నవా? కన్నతల్లిని సంపుతవా? నీ కొడుకు రేపు కాలేజీల మొకం ఎట్ల సూపిస్తడు? ఒక్కటే అడుగుతున్న. పోతవా, పోవా?"

"పోత అన్నా."

"ఏందీ?"

"నువ్వు ఊకో వసంతా. పోత అన్నా. దిగుతున్న. డిమాండ్ ఏం లేదని సారుకు చెప్పు. ఏదో మనసు మంచిగ లేక ఎక్కిన."

"శాబాష్ తమ్మి. పైలంగ దిగు."

"ఇప్పుడే గద ఒడ్డన్నవ్?"

"అన్న. అన్నంక పానం తేలికయింది. సాలు."

"సాలా? ముత్యం పండుకున్న బెడ్డు కాడికి పోయి నువ్వూ పండుకుంటవా?"

"అవ్వ సోలి పడ్డదట, ఇనలేవా? పోరన్ని సూడు, ఎట్ల నిలవడ్డడో. అందరు వాన్నే సూస్తుండ్రు. రెండేండ్లు ఎంతల పోతయే. పైన ఏసేస్తె ఇగ ఎవ్వలు ఏమనరు."

"పైన ఏసినంక ఇంకోటి అంటరు."

"అననీ. లే. నువ్వు ముందుగాల దిగు, నీకు భయమైతది."

"నువ్వే దిగు."

"నా ఎన్కనే అస్తవా?"

"రెండు చేతులతోని వట్టుకో. మెట్టు సూసుకుంట దిగు, జల్ది వడకు."

"వసంతా, కాలు పెడుతలేవేంది? రా."

"నువ్వు నేల మీద నిలవడంగ నా కండ్లతోని సూడాలె. దిగు. హలో, పరశురాములన్నా, ఆయిన సగం దిగిండు, కింద నిచ్చెన వట్టుకోండ్రి."

"వట్టుకున్నం చెల్లె. ఇగో, దిగిండు. నేల మీద ఉన్నడు. దేవుడు సల్లగ సూసిండు. నువ్వు సుత దిగు ఇగ."

"అన్నా, ఫోను ఎస్సై సారుకియ్యి."

"ఎందుకమ్మా? అంత అయిపాయె గదా."

"అయిపోలే, ఇయ్యి జర. సార్, ఇనవడుతుందా? ఆయినకు డిమాండ్ లేదన్నడు గదా. నాకున్నది, రాసుకోండ్రి. ఆ కారు ఆయిన లేకుంట ఊరు దాటేదాంక నేను దిగ."