పాదాల కింద కీబోర్డు

చేతులు పడిపోయిన అక్క పాదాల కింద తమ్ముడు చేసిన రెండు పెడళ్లున్నాయి. ఒకటి అక్షరం వెతకడానికి, రెండోది కొట్టడానికి.

“తొక్కక్కా.”

“అక్షరం పడిందిరా! కంప్యూటరు దీన్ని కీబోర్డే అనుకుంటోందా?”

“అనుకునేలా నమ్మించే యూఎస్‌బీ ప్రోగ్రామంతా ఎవరో ఒకాయన రాసి, ఎవరైనా వాడుకోండని నెట్‌లో పెట్టేశాడు. నేను పెడళ్లకున్న ఈ చిన్న చిప్పులోకి ఎక్కించానంతే.”

“మరి మూడు రోజులు తల పట్టుక్కూర్చున్నావేం?”

“చిప్పుని కంప్యూటరుకి కలిపిన నా కేబులు ఒట్టి ఛార్జింగుది. అందులో డేటా మోసే తీగలే లేవు. చివరికి ఆయన్నే అడిగితే గంటలో చెప్పాడు.”

“నవ్వాడా?”

“‘నేనూ ఇలాగే ఓ వారం పోగొట్టుకున్నా’ అన్నాడు.”

“ఎంత మంచోడ్రా! జరుగు, ఆయనకి దండం పెడుతున్నానని రాస్తాను.”

“కాలితోనా?”

“ఇది ఆయనిచ్చిన చెయ్యేరా.”