నూనె మరక కప్పు

కొవెంట్రీ నగరం. జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం. వైకెన్ కార్లకు నూరేళ్ళు నిండిన సందర్భంగా, ఒకప్పుడు వాటి కర్మాగారం ఉండిన మైదానంలో వేసిన గుడారం. ఊరేగింపులో ముందు నడవవలసిన ఆకుపచ్చ కారులో గ్లెనిస్ ప్రోసెర్ కూర్చుని ఉన్నది. కారు యజమాని, వైకెన్ క్లబ్బు కార్యదర్శి రాడ్నీ, పక్కన నిలబడి ఉన్నాడు.

“ఆ బోర్డు మీద మేం కొత్తగా కల్పించి రాసిందేముంది, గ్లెనిస్? డెబ్బై ఎనిమిదిలో సమ్మె అయ్యాక ఇంజను షాపువాళ్ళు కక్షకొద్దీ ఆయిల్ సీలు, ఆ నూనె ఆపే రబ్బరు చుట్టు, పెట్టకుండా వదిలేశారని, అందుకే వైకెన్ కింద నూనె కారుతుందని, ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.”

“ఎవర్నడిగినా చెబుతారు గనకే ఎవరూ అడగరు. ఆ బోర్డు దించు, రాడ్నీ. అప్పుడు దిగుతాను.”

“పదకొండింటికి ఊరేగింపు. కంపెనీని కొన్న పెద్దలు చైనాలో నాన్‌జింగ్ నుంచి వస్తున్నారు. ముందు నడవాల్సింది ఈ బండే.”

“నడుపుకో.”

“తాళం మీ దగ్గరుంది.”

“ఉంది. సంచిలో, కళ్ళజోడు కింద.”

“ఆ బోర్డు మీద ఆయన పేరు రాయలేదు కదా. ‘ఇంజను షాపు కార్మిక నాయకుడు’ అని మాత్రమే రాశాం.”

“ఇంజను షాపుకి ఎంతమంది నాయకులుండేవాళ్ళు?”

“ఒక్కరే అనుకోండి.”

“కింద ఫోటో ఎవరిది?”

“అది పాత పత్రికలో దొరికింది. గేటు దగ్గర జనం, ఊరికే…”

“జనం ముందు నిలబడ్డది మా ఐవర్. ఆ మఫ్లరు నేనల్లింది. మొగుడి ఫోటో కింద ద్రోహి అన్నట్టు రాసిపెట్టి, పెళ్ళాన్ని రిబ్బను కత్తిరించమని పిలిచావు. నేను కొత్త టోపీ కొనుక్కుని మరీ వచ్చాను.”

“టోపీ బాగుంది.”

“టోపీ సంగతి ఎత్తకు.”

“సరే. కనీసం అలా ఒరిగి కూర్చోకండి. అది అసలు సీటు. ఫ్యాక్టరీ కుట్టు.”

“ఫ్యాక్టరీ ఏమిటి కుట్టేది? కుట్టింది నేను. అరవై ఏడులో, పదహారేళ్ళప్పుడు. ఇదిగో, ఈ మూల దగ్గర సూది బొటనవేల్లో దిగింది. నీ అసలు సీటులో నా అసలు రక్తం ఉంది.”

“అదీ రాద్దాం. ‘ఇంగ్లిషు చేతుల పనితనం’ అని లోపల ఇంకో బోర్డుంది. దాని కింద…”

“ఏ ఇంగ్లిషు చేతులు? నేనొచ్చింది వేల్స్ నుంచి. నా ఎడంపక్క డబ్లిన్ అమ్మాయి. కుడిపక్క జలంధర్ సుర్జీత్. వెనకాల జమైకా ఆవిడ, దారం తెగినప్పుడల్లా బైబిల్లోంచి ఏదో అనేది. ఆ వరసలో కొవెంట్రీలో పుట్టినవి కుర్చీలొక్కటే.”

“మీరు వాదన కోసం అంటున్నారు గానీ, ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా వైకెన్ అంటే ఇంగ్లండు. వానకి తడిసే గుడ్డ టాపు, చలి, కింద నూనె మడుగు, అయినా నవ్వుతూ నడపడం. జర్మన్లు ఊళ్ళు తిరగడానికి కార్లు చేశారు. మనం ప్రేమించడానికి చేశాం. ఆ నూనె ఉందే, అది మన సంతకం.”

“సంతకమైతే మా ఐవర్‌ని తిట్టడం దేనికి? పొగడండి.”

“అదీ… అది వేరు.”

“ఎలా వేరు? కారితే మీకు ముద్దు. కార్చాడన్నవాడు ద్రోహి.”

“క్లబ్బులో అందరూ సరదాకి…”

“సరదాయే. బళ్ళ కింద అట్టముక్కలు పరిచి, ఏడాదికోసారి మరకలు టేపుతో కొలిచి, అందరికన్నా పెద్ద మరకకి వెండికప్పు. డాక్టర్లు, లాయర్లు, మోకాళ్ళ మీద వంగి.”

“నూనె మరక కప్పు మన సంప్రదాయం, గ్లెనిస్.”

“నీకెన్నిసార్లు వచ్చింది?”

“రెండుసార్లు.”

“ఈ బండికేనా?”

“ఈ బండికే. పోయినేడాది పదమూడు అంగుళాలు. ఇంతవరకూ ఎవరూ దాటలేదు.”

“క్షమించండి. మిసెస్ ప్రోసెర్ మీరేనా?”

“రండి, మిస్ రువాన్. గ్లెనిస్, ఈమె రువాన్ లీహువా, కంపెనీ ఇంజనీరు. ఇంజన్ల పని చూస్తారు. మిస్ రువాన్, ఒక్క ఐదు నిమిషాలు. ఇక్కడ చిన్న ఇబ్బంది.”

“చిన్నదేం కాదు. ఫోటో కోసమైతే వెళ్ళిపో అమ్మాయ్. దిగను, నవ్వను.”

“ఫోటో కాదండీ. మిమ్మల్నొక ప్రశ్న అడగాలి. ఇంకా ముందే వచ్చేదాన్ని, బండి చాలా దూరంలో ఆపాల్సొచ్చింది.”

“ఎంత దూరం?”

“సూపర్ మార్కెట్ దగ్గర. కంచె లోపలికి రానివ్వలేదు.”

“ఏం బండి?”

“వైకెన్.”

“నాన్‌జింగ్‌లో తయారైన వైకెన్, గ్లెనిస్. క్లబ్బు నియమం ప్రకారం ఈ దేశంలో చేసిన బళ్ళకే ప్రవేశం. నేను రాసిన నియమం కాదు.”

“ఈ గుడారం ఎవరిది, రాడ్నీ?”

“కంపెనీ ఇచ్చింది.”

“టీ?”

“అదీ కంపెనీయే.”

“బండి మాత్రం కంచె బయట.”

“అందులో నూనె కారదు, గ్లెనిస్. ఇక అది వైకెన్ ఎలా అవుతుంది? చూడ్డానికంతా అదే. కిందకి వంగి చూస్తే పొడి. ప్రాణం లేనట్టుంటుంది.”

“నిన్ను వెనకేసుకొస్తున్నాననుకోకు, అమ్మాయ్. ఫ్యాక్టరీ మూసేశాక మీవాళ్ళు పెట్టెల్లో ఎత్తుకుపోవడం కళ్ళారా చూశాను. మిషన్లు, అచ్చులు, కాగితాలు. ఆఖరికి ఇంజను షాపులో గోడగడియారం కూడా.”

“కొనుక్కున్నామండీ.”

“అమ్మినవాళ్ళు మమ్మల్నడగలేదు.”

“ఆ గడియారం ఇప్పుడు మా క్యాంటీన్లో ఉంది. నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది. పాత వస్తువు కదా అని ఎవరూ సరిచెయ్యరు.”

“వెనక్కి తిప్పింది ఆఫీసువాళ్ళు. గేటు దగ్గర గడియారం సరిగ్గా ఉండేది, లోపలిది నాలుగు నిమిషాలు తక్కువ. రావడం గేటు టైముకి, పోవడం లోపలి టైముకి. ఐవర్ మొదటి గొడవ దాని గురించే. వెళ్ళగానే సరిచేయించు.”

“అలాగే. కాకపోతే మావాళ్ళు దాన్ని చూసే తిండి ముగించి లేస్తారు.”

“అంటే? తిండికి నాలుగు నిమిషాలు ఎక్కువొస్తోందా?”

“రోజూ.”

“అయితే ముట్టుకోకు. మా నిమిషాలు ఎవరో ఒకరు తింటున్నారు, అంతే చాలు. అడుగు నీ ప్రశ్న.”

“మీవారు ఇంజను వెనక భాగం బిగించేవారట. అక్కడ సీలు సంగతి ఆయన్నెప్పుడైనా అడిగారా?”

“నువ్వూ బోర్డు చదివావన్నమాట.”

“ఇందాకే చదివాను. చదివి పరిగెత్తుకొచ్చాను.”

“ఒక్కసారి అడిగాను. ఆయన చనిపోయిన ఏడాది, ఆస్పత్రిలో. ‘నాకొక్కదానికి చెప్పు ఐవర్, వదిలేశారా?’ అని. నలభై ఏళ్ళు ఊరంతా అడిగినా మొండిగా నిలబడ్డ మనిషి. నేనడిగేసరికి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.”

“ఏమన్నారు?”

“‘ట్రేలో ఇచ్చినవన్నీ పెట్టాను, గ్లెన్.’ అంతే. ఒక్కో ఇంజనుకి విడిభాగాలు ఒక ట్రేలో పెట్టి ఇచ్చేవాళ్ళు. సమ్మెకి ముందూ అవే, తర్వాతా అవే, ఇచ్చినవన్నీ పెట్టానని. అప్పట్లో కంపెనీ పెట్టిన విచారణలో అదే మాట, ఆస్పత్రి మంచం మీదా అదే మాట. మళ్ళీ అడగలేదు. ఒక్కసారి మటుకు అడిగాను చూడు, అది పోదు.”

“నన్నడిగితే తప్పించుకున్న మాట అది, గ్లెనిస్. సీలు పెట్టానని సూటిగా అనలేదు. మా క్లబ్బువాళ్ళు పదకొండు ఇంజన్లు విప్పారు. ఒక్కదాంట్లోనూ సీలు లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?”

“ఏ ఏడాది ఇంజన్లు, మిస్టర్ రాడ్నీ?”

“డెబ్బై తొమ్మిది, ఎనభై. సమ్మె తర్వాత చేసినవి.”

“సమ్మెకి ముందువి ఎన్ని విప్పారు?”

“అవెందుకు విప్పుతాం, మిస్ రువాన్? వాటిలో సీలు ఉంటుందిగా.”

“చూశారా?”

“చూడక్కర్లేదు, అందరికీ తెలుసు. పైగా పాతవాటిని విప్పితే విలువ పోతుంది. ఈ బండి ఇంజను ఇవాళ్టిదాకా ఎవరూ ముట్టలేదు.”

“రాడ్నీ.”

“ఊఁ.”

“ఈ సీటు నేను ఏ ఏడాది కుట్టానన్నాను?”

“అరవై ఏడు.”

“సమ్మె?”

“డెబ్బై ఎనిమిది.”

“పోయినేడాది మరక?”

“పదమూడు… అది పాతబడి, గ్లెనిస్. రబ్బరు ఎండిపోతుంది కదా. సీలు ఉన్నా కారుతుంది.”

“ఉన్నా కారుతుంది, లేకపోయినా కారుతుంది. అందులో మా ఐవర్ చేసిన పాపం ఎంతో కాస్త విడదీసి చూపించు.”

“అది నేను చూపిస్తాను, మిసెస్ ప్రోసెర్. దీన్ని బానెట్ మీద పరవనివ్వండి. భయపడకండి మిస్టర్ రాడ్నీ, పెయింటు గీసుకోదు, కాగితమే.”

“ఏమిటమ్మాయ్ అది?”

“పెట్టెల్లో పోతుంటే చూశానన్నారే, ఆ కాగితాల్లో ఒకటి. ఇంజను వెనక భాగం డ్రాయింగు. నకలు కాదు, అసలుది. మా ప్రదర్శన కోసం తెచ్చాం. మేం ఈ ఇంజను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాకూ నూనె కారింది. అప్పుడు నేను కొత్తగా చేరాను. నాకు పని నేర్పిన ఆయన ఆ విభాగానికి పెద్ద. ఇంగ్లిషు చేతుల్లో కారని బండి మీ చేతుల్లో ఎందుకు కారుతోందని ఆయన్ని గోదాముకి పంపేశారు. చైనావాళ్ళ చేతిలో పడి వైకెన్ చెడిందని ఇక్కడి పత్రికలూ రాశాయి.”

“విన్నావా, రాడ్నీ? అక్కడ ఇంగ్లిషు చేతులంటే కారనివట.”

“వింటున్నాను.”

“సీలు డ్రాయింగు కోసం ఆర్నెల్లు వెతికాం. నాలుగు వేల కాగితాలు తిరగేశాం. లేదు. ఇక్కడే ఎవరో ఆ ఒక్క కాగితం ఉంచేసుకున్నారనుకున్నాం. అందుకే అడగాలనుకున్నాను, మీవారు అక్కడ ఏం పెట్టేవారని. మీరు ఇందాకే చెప్పేశారు. ట్రేలో ఇచ్చినవన్నీ. మిస్టర్ రాడ్నీ, కుడివైపు జాబితా చదవండి. ట్రేలో పెట్టాల్సినవి అవే.”

“మీరే చదవండి, మిస్ రువాన్.”

“నేను చదివితే కంపెనీ మాట అంటారు. మీరు క్లబ్బు కార్యదర్శి.”

“గట్టిగా చదువు, రాడ్నీ. నేను కళ్ళజోడు తీస్తే తాళం బయటపడుతుంది.”

“ఒకటి, వెనక ప్లేటు. రెండు, దాని గాస్కెట్. మూడు నుంచి పది, బోల్టులు. పదకొండు నుంచి పద్దెనిమిది, వాషర్లు. పంతొమ్మిది, బేరింగు మూత. ఇరవై, ఇరవై ఒకటి, మూత బోల్టులు. ఇరవై రెండు, పిన్ను. ఇరవై మూడు, ఇంకో పిన్ను.”

“తర్వాత?”

“తర్వాతేమీ లేదు, కింద గీత గీసి ముగించారు.”

“సీలు?”

“వెనకవైపు ఉందేమో చూడనివ్వండి.”

“చూడు. తీరిగ్గా చూడు.”

“ఖాళీ.”

“మరి నూనె ఆగేదెలా, అమ్మాయ్?”

“ఇదిగో, ఇరుసు మీద మరచుట్టులాంటి గాడి. ఇంజను తిరుగుతున్నంతసేపూ నూనెని లోపలికి తోసేస్తుంది. ఇంజను ఆగితే ఈ తోయడమూ ఆగుతుంది.”

“అంటే బండి నిలబెడితే కారుతుంది.”

“కారుతుంది. ఎవరు బిగించినా, ఏ దేశంలో బిగించినా. ఇరవై నాలుగో భాగం మేం చేర్చాం, రెండువేల ఎనిమిదిలో. వైకెన్‌లో సీలు పడడం అదే మొదటిసారి.”

“మీ గురువుని గోదాములోంచి మళ్ళీ తెచ్చుకున్నారా?”

“ఆ సీలు గీసింది ఆయనే.”

“బతికున్నాడా, తల్లీ?”

“ఉన్నారు. రిటైరయ్యారు.”

“అదృష్టవంతుడు. కింద సంతకం ఎవరిది, రాడ్నీ?”

“సర్ ఆంబ్రోజ్‌ది. సంస్థాపకులది.”

“నీ కోటు బిళ్ళ మీదున్నాయనేనా?”

“ఆయనే. గ్లెనిస్, చూడండి, బోర్డు దింపిస్తాను. ఇప్పుడే. తాళం ఇవ్వండి.”

“దించకు. మనసు మార్చుకున్నాను. అది అక్కడే ఉండాలి. దాని పక్కన ఈ కాగితం ఉండాలి. ఇరవై మూడూ నువ్వే మైకులో చదవాలి.”

“పదకొండు కావస్తోంది. కంపెనీ పెద్దలు, మేయరు, అందరి ముందూ…”

“అందరి ముందే. మా ఐవర్‌ని అన్నదీ అందరి ముందే. ఆ కంచె కూడా తీయించు, ఈ పిల్ల బండి లోపలికి రావాలి. ఆయన మాట నిజమని తేల్చింది అదే.”

“తీయిస్తాను. ఇంకేమైనా ఉందా?”

“ఒక్కటి. సంతకం పక్కన తేదీ ఉంటుంది, చదువు.”

“మార్చి తొమ్మిది, పంతొమ్మిది వందల యాభై తొమ్మిది.”

“అప్పటికి మా ఐవర్‌కి తొమ్మిదేళ్ళు.”