గూబలదుర్గానికి అల్లెతాళ్ళు పేనిన హనుమక్క

రాండి, రాండి, ముందుకు జరగండి. ఆ గోడకానుకున్నోళ్ళు గూడా ఈ చాప మీదికి రాండి, నా గొంతు పెద్దది గాదు, దూరం నుంచి వింటే సగం కథే చేరతాది. పిల్లోళ్ళను ఒళ్ళో కూచోబెట్టుకోండి. తల్లీ చౌడమ్మా, నా నాలుక మీద నువ్వు కూచో, తప్పు చెప్తే ఆపు, సరిగ్గా చెప్తే వీళ్ళ చెవుల్లో నువ్వే పెట్టు. ఊ కొట్టేదెవరు? గంగక్కా, నువ్వే కొట్టు, నువ్వైతే మధ్యలో కునుకు తీయవు.

హనుమక్క అని ఒకామె ఉన్నింది. గూబలదుర్గమని చిన్న కోట, ఆ కోట కింద పది ఇండ్ల పల్లె, ఆ పల్లెలో ఆమె. వాళ్ళ పనేమంటే అల్లెతాళ్ళు పేనేది. అల్లెతాడంటే ఏందో ఈ కాలం పిల్లోళ్ళకు తెలీదు గదా, విల్లుంటాది చూడు, దాని రెండు కొనలకూ బిగించే తాడు. అది లేకపోతే విల్లు విల్లు గాదు, వంకర కట్టె. కొండవాలులో చాగ అని ఒక మొక్క, కత్తులు నిలబెట్టినట్ల ఆకులుంటాయి. ఆ ఆకును కోసి, వాగులో నానబెట్టి, చెక్కతో గీకితే తెల్లటి నార వస్తాది. ఆ నారను తొడ మీద పెట్టి అరచేత్తో పేనాల, పేని మైనం పుయ్యాల. మైనం మాత్రం పల్లెలో దొరకదు, కొండ మీది చెంచోళ్ళు తెచ్చి, ఉప్పు తీసుకొని పోయేవాళ్ళు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, అల్లెతాడు ఏడాదికంటే నిలవదు. వానలు పడినాయంటే సాగిపోతాది. కోటలో రెండు వందలమంది విలుకాళ్ళు, రెండు వందల విండ్లు, ఏడాదేడాదీ కొత్త తాళ్ళు. పది ఇండ్లకూ తిండి దాంతోనే అనుకో.

కోటకు పాళెగాడు కోనప్ప నాయుడు. మంచోడే, దేవుడంటే భయమున్నోడు, కాకపోతే తియ్యగా మాట్లాడితే కరిగిపోతాడు. ఏటికి అవతల రాచేరు, పెద్ద ఊరు, పెద్ద దొర. ఏమైందంటే, ఆ రాచేరు దొర ఒకనాడు బండ్ల నిండా అల్లెతాళ్ళు పంపించినాడంట. నున్నగా, పసుపు రంగేసి, చూస్తే మెళ్ళో వేసుకోవాలనిపించేట్లున్నాయంట. ధర చూస్తే మన తాళ్ళలో సగం. అయితే రేవు కాడ సుంకం ఉంది గదా, బయట తాడు వస్తే సుంకం కట్టాల, అది కడితే రెండు ధరలూ సమానమైపోతాయి. రాచేరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఏమన్నాడంటే, దొరా, మనమూ మనమూ అన్నదమ్ముల మాదిరోళ్ళం, మన మధ్య సుంకాలెందుకు, ఆ అడ్డం తీసెయ్, మీ వాలుల్లో ఆ ముండ్ల చాగ పీకేసి ఆముదాలు వేయించు, ఎన్ని పండితే అన్నీ మేమే కొంటాం అన్నాడు. కోనప్ప నాయుడు కరిగినాడు. ఊరికే కరగలేదులే, న్యాయంగా చెప్పాల, తాళ్ళు సగం ధరకొస్తే మిగిలిందాంతో చెరువు కట్ట బాగుచేయొచ్చని ఆశపడినాడు. ఆ కట్ట బాగైంది గూడా. అబద్ధం చెప్పకూడదు.

సుంకం ఎత్తేసినారు. పల్లెలో తాళ్ళు అడిగేవాళ్ళు లేరు. తొమ్మిది ఇండ్లోళ్ళు చాగ పీకేసి ఆముదాలు వేసుకున్నారు. హనుమక్క గూడా వేసింది, ఆమెకూ కడుపుంది గదా. అయితే ఒక మడి మాత్రం పీకలేదు. ఎందుకంటే వాళ్ళకొక ఆచారముంది. చౌడమ్మ జాతరకు అమ్మను ఉయ్యాలలో ఊపుతారు. ఆ ఉయ్యాలతాడు కొన్నది పనికిరాదు, ఆ వాలులో పెరిగిన చాగే కావాల, ఆ పల్లె ఆడదాని తొడ మీద పేనిందే కావాల. అమ్మ ఊగిన తాడును మళ్ళా వాడరు, పారేయరు, చుట్టచుట్టి గుడి అటక మీద పెడతారు. పేనేవాళ్ళందరూ మానేసినాక ఆ తాడు బాధ్యత హనుమక్క మీద పడింది. కోట దళవాయి ఓబులేసు, అంటే సేన పెద్ద, గుర్రమెక్కి వచ్చి నవ్వినాడంట. ఏమ్మే హనుమక్కా, ఊరంతా ఆముదం వాసనొస్తా ఉంటే నీకింకా ఈ ముండ్లెందుకు అన్నాడు. ఆమె తలెత్తకుండానే, అమ్మను రాచేరు తాడు మీద ఊపితే అమ్మ ఏ ఒడ్డున దిగుతాదో నీకు తెలుసా నాయనా అనింది. దళవాయి గుర్రం తిప్పుకొని పోయినాడు.

అట్ల పన్నెండేండ్లు గడిచినాయి. పన్నెండేండ్లంటే ఏమనుకున్నారు? పుట్టిన ఆడపిల్ల ఓణీ వేసేంత కాలం. ఆ పల్లెలో పిల్లలకు చాగంటే మేకలు తినని మొక్క అని మాత్రమే తెలుసు.

పదమూడో ఏడు వానలు పడినాయి, పాత తాళ్ళు సాగినాయి, బండ్లు రాలేదు. రాలేదు, రాలేదు. చివరికి రాచేరు నుంచి మనిషొచ్చినాడు. ఈ ఏడు తాళ్ళు లేవు, కావాలంటే మీ కొండ ఊట మాకు రాసియ్యి అన్నాడంట. ఆ ఊటే గదా కోటకు తాగే నీళ్ళు, పల్లెకు పంట నీళ్ళు. ఇయ్యకపోతే పున్నమికి మేమే వచ్చి తీసుకుంటాం, మీ విండ్లు ఎట్లున్నాయో మాకు తెలీదా అని నవ్వి పోయినాడంట. పున్నమికి ఇంకా ఇరవై రోజులు. చూడండి, ఆ దొర కత్తి దూయలేదు, గోడ దూకలేదు, బండి ఆపినాడు, అంతే. రెండు వందలమంది మగోళ్ళు కట్టెలు పట్టుకొని నిలబడిపోయినారు.

కోనప్ప నాయుడికి కోపమొచ్చింది. కోపమొచ్చి ఏం చేసినాడంటే, ఇకమీదట బయట నుంచి ఏమొచ్చినా సరే, ఎవరు తెచ్చినా సరే, ఇంతకు పదింతలు సుంకం అని చాటింపు వేయించినాడు. రేవు కాడా వేసినాడు, కొండ వాకిలి కాడా వేసినాడు. ఉప్పోళ్ళు వెనక్కి పోయినారు. ఇనుమోళ్ళు వెనక్కి పోయినారు. చెంచోళ్ళు మైనం ముద్దలు తలమీద పెట్టుకొని వచ్చి, వాకిలి కాడ ఈ మాట విని, ఉమ్మేసి కొండెక్కినారు. ఐదో రోజుకు కోటలో చప్పిడి కూడు. గంగక్కా, చప్పిడి కూడు తిని యుద్ధానికి పోయినోణ్ణి ఎప్పుడైనా చూసినావా?

అప్పుడు హనుమక్క కోటెక్కింది. పిలిస్తే పోలేదు, తనంతట తానే పోయింది. కాపలోడు ఆపితే, నాకు గూడా సుంకముందా అనింది, వాడు పక్కకు జరిగినాడు. కొలువులో అందరూ ఉన్నారు, దళవాయి ఓబులేసు ఉన్నాడు, అమ్మ గుడి పూజారి వీరన్న ఉన్నాడు. ఈమె పోయి నడిమధ్యన నిలబడి,

"దొరా, నీ కోపం రాచేరు మీద. సుంకమేమో చెంచోళ్ళ మీద వేసినావు. వాళ్ళు నిన్నేం చేసినారు?" అనింది.

"బయట నుంచి వచ్చేదంతా నాకొకటే," అన్నాడు కోనప్ప నాయుడు.

"ఒకటి గాదు నాయనా. రేవు మూసేస్తే ఏది లేక మన చెయ్యి ఆగిపోతాదో, ఆ అల్లెతాడు మన ఇంట్లో పుట్టాల. బయట తాడుకు సుంకం ఉండాల్సింది, నువ్వు ఎత్తేసినావు. మనకు దొరకనిది, మన మేలు కోరేవాళ్ళు తెచ్చేది మైనం. దానికి సుంకం ఉండకూడదు, నువ్వు వేసినావు. తలపాగా తీసి కాలికి చుట్టుకున్నావు."

 దళవాయి దగ్గినాడంట, నవ్వు ఆపుకునేదానికి. పాళెగాడు ముందు ఎర్రబడినాడు, తర్వాత తల దించినాడు, దించి, ఇప్పుడేం చేయాల అవ్వా అని అడిగినాడు. అదీ మంచోడి గుణం. ఆమె చెప్పింది. నా మడిలో నార ఒక చారెడే, ఇరవై తాళ్ళకు వస్తాది, చాగ మళ్ళా నాటితే నార రావడానికి రెండేండ్లు, మనకున్నది పదిహేను రోజులు. గుడి అటక మీద పాతవి చివికిపోయినా, నేను పేనిన పన్నెండు ఉయ్యాలతాళ్ళు గట్టిగా ఉన్నాయి. ఒక్కొక్కటి మణికట్టంత లావు, విప్పితే ఒక్కోదాంట్లో పదిహేను అల్లెతాళ్ళకు నారుంది. అవి దించండి అనింది. పూజారి వీరన్న లేచినాడు. అమ్మ సొత్తు అది, అమ్మ కూచొని ఊగిన తాడు, ముట్టినోళ్ళ కండ్లు పోతాయి అన్నాడు.

"పోతే పోనీలే వీరన్నా," అనింది హనుమక్క. "పేనేదానికి కండ్లెందుకు, తొడ ఉంటే చాలు."

ఆమెకు భయం లేక గాదు, ఆ మాట మీకు చెప్పాల నేను. కోట దిగి నేరుగా గుడికి పోయి, గడప మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చిందంట. అమ్మా, నీ ఉయ్యాల తీసుకుంటున్నా, ఈ ఏడు నీకు కొత్త తాడు గూడా ఇయ్యలేను, మడిలో ఉన్న చారెడు నారా తీసుకుంటున్నా, శిక్షేస్తే నాకు వెయ్యి, ఈ పిల్లలకు ఒద్దు అని మొక్కింది. మొక్కి లేచి, కొంగు బిగించి, తనే నిచ్చెనెక్కి చుట్టలు కిందికేసింది.

ఇంక చూడండి పని. దళవాయి ఓబులేసు కొండెక్కి చెంచోళ్ళ పెద్దను బతిమాలుకున్నాడు. ఆ పెద్దాయన ఒక పొద్దంతా దళవాయిని ఎండలో బండ మీద కూచోబెట్టి, సాయంత్రానికి మైనమిచ్చినాడు. ఈడ పల్లెలో ఆడోళ్ళందరూ కూచున్నారు, కూచుంటే ఏముంది, చేతులు మర్చిపోయినాయి! చిన్నోళ్ళకు అసలే రాదు. రెండు పోగులూ కుడికే పేనుతారు, రెంటినీ కలిపి మళ్ళా కుడికే తిప్పుతారు, వింటికి బిగిస్తే విడిపోయి చేతికొస్తాది. పోగులు కుడికి పేనితే, కలిపేది ఎడమకు తిప్పాల. నోటితో చెప్తే రాదది. హనుమక్క ఏం చేసిందంటే, ఒక్కొక్కరి వెనకా కూచొని, వాళ్ళ చేతి మీద తన చెయ్యి పెట్టి, వాళ్ళ తొడ మీదే పేనించింది. ఒక్కొక్కరికీ. పని వచ్చినామె పక్కనున్నామె చెయ్యి పట్టుకోవాల, అదే కట్టుబాటు. ఆడోళ్ళు చాలక విలుకాళ్ళను గూడా కూచోబెట్టినారు. మగోళ్ళ తొడలు తెలుసు గదా, నార తిరిగినప్పుడల్లా వెంట్రుకలు పీక్కొని పోతాయి. పులులను కొట్టినోళ్ళు గూడా అమ్మో అబ్బో అని అరిచినారంట. ఒకడు కండ్లలో నీళ్ళు పెట్టుకుంటే హనుమక్క, ఏడువు నాయనా, తడి తగిలితే నార బాగా మెలి పడతాది అనిందంట. పని మొదలైన ఐదో రోజుకు కోనప్ప నాయుడే దిగొచ్చి, పంచె ఎగ్గట్టి కూచున్నాడు. ఆయన పేనిన తాడు మూడుసార్లు విడిపోయింది. నాలుగోది నిలిచింది.

పున్నమి పొద్దున రాచేరు సేన ఏట్లోకి దిగింది. ఈడ విండ్లు లేవని వాళ్ళకు గట్టి నమ్మకం, డాళ్ళు గూడా తేలేదు, పెండ్లికొచ్చినట్ల వచ్చినారు. సగం ఏరు దాటేసరికి ఒడ్డు మీద రెండు వందల విండ్లు ఒక్కసారి వంగినాయి. బాణాలు మనుషుల మీద వెయ్యలేదు. హనుమక్క వద్దనింది, మొదటిది నీళ్ళలో వేయండి, చాలకపోతే రెండోది చూద్దాం అనింది. వాళ్ళ మోకాళ్ళ ముందర, ఏటికి అడ్డంగా, కంచె నాటినట్ల బాణాలు దిగినాయి. రాచేరోళ్ళు ఆ కంచెను చూసినారు, ఒడ్డును చూసినారు, తమ ఉత్త చేతులను చూసుకున్నారు. రెండోది వేయాల్సిన పని పడలేదు.

పది రోజులకు రాచేరు దొర మళ్ళా బండ్లు పంపించినాడు. నిండా తాళ్ళు, పసుపు రంగువి. ఈసారి ధర లేదు, ఊరికే, అన్నదమ్ముల కానుక. సుంకం మాత్రం వేయొద్దని మాట. కోనప్ప నాయుడు బండ్లను చూడలేదు, హనుమక్క మొహం చూసినాడు. ఆమె ఒక తాడు తీసి, లాగి చూసి,

"తీసుకో దొరా, వచ్చినదాన్ని ఎందుకు వద్దనాల. గడ్డిమోపులు కట్టుకుంటాం. విండ్లకు మాత్రం మా తొడల మీదవే," అనింది.

అట్లే జరిగింది. వాలులో చాగ మళ్ళా నాటినారు, ఆముదాలు అమ్ముకున్నారు, ఉప్పు కొనుక్కున్నారు, మైనానికి వాకిలి తెరిచినారు, రేవు కాడ తాళ్ళ సుంకం మళ్ళా పెట్టినారు. ఆ ఏడు జాతరకు అమ్మకు ఉయ్యాల లేదు. తొడలు బొబ్బలెక్కిన ఆడోళ్ళ మధ్యన నేల మీదే కూచున్నింది తల్లి. హనుమక్క కండ్లు పోలేదు. అమ్మ మొహం నవ్వుతా ఉన్నిందని పూజారి వీరన్నే చెప్పినాడంట, వద్దన్నోడే చెప్పినాడంటే నిజమే అయ్యుంటాది.

అయిందప్పా కథ. బాణాలు మర్చిపోయినా ఫర్లేదు, పాళెగాడి పేరు మర్చిపోయినా ఫర్లేదు. ఆమె వెనక కూచొని చెయ్యి మీద చెయ్యి పెట్టి నేర్పింది చూడు, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో మీ చేతికి ఒక పని వచ్చుంటాది, బండి ఆగిపోయిన రోజు ఊరికి అది కావాల్సొస్తాది. అది ఏదో మీకే తెలుసు. పక్కింటి పిల్ల వెనక కూచోండి, ఆ పిల్ల చేతి మీద చెయ్యి పెట్టండి. ఈ కథ గూడా అట్లే చెప్పండి, నలుగురికి తప్పుగా చెప్పినా నేనేమీ అనుకోను, ఆ చెయ్యి పట్టుకున్న ముక్క మాత్రం వదలద్దండి. చౌడమ్మ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాల.