ట్యాబ్‌లో గాజుల చప్పుడు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది. మా ఆవిడ పోయి నెలైంది. బడిలో ఇచ్చిన ట్యాబ్‌లో మనవరాలు ఉర్దూ అక్షరాలు దిద్దుతోంది. నేను పక్కనే కూర్చున్నాను.

"తాతా, తప్పు రాస్తే ఇందులో గాజులు గలగలమంటాయి."

"అది ట్యాబ్ చేసే చప్పుడే, పిచ్చిదానా."

"కాదు. నానమ్మ నా చెయ్యి పట్టుకుని దిద్దించేటప్పుడు మోగేవే, ఆ గాజులే."

"అవి నా పెట్టెలో ఉన్నాయమ్మా. తాళం కూడా వేశాను."

"తెలుసు. నానమ్మే చెప్పింది, ఇందులోంచి."

"ఇంకేం చెప్పింది?"

"పెళ్లైనప్పటినుంచీ నీకు ఈ అక్షరాలు నేర్పుతానంటే రేపు రేపు అన్నావట. మొద్దు తాతవట. నీ పేరు రాయడం నేర్పేసి వెళ్లిపోతుందట."

"నేర్చుకుంటే వెళ్లిపోతుందా?"

"ఆఁ. ఇక రాదట."

మర్నాడు పొద్దున్నే ట్యాబ్ ముందు కూర్చుని, నిటారుగా గీయాల్సిన మొదటి అక్షరం అలిఫ్‌ను కావాలనే వంకరగా గీశాను.