కాకి ముట్టని ముద్ద

ముట్టడిలో చిక్కిన పరాయి రాజధాని నుంచి, యుద్ధం ఆగిన మర్నాడు, తమ్ముడు వీడియో కాల్ చేశాడు. మలయ్ గడ్డ మీది సొంతూరు హుటాన్ మెలింటాంగ్‌లో అక్క ఫోన్‌ని పైకప్పు వైపు తిప్పి పట్టుకుంది.

“నీ మొకం సూపించక్కా. ఫ్యానే అవుపడతంది.”

“ముందు నువ్వెలాగున్నావో సెప్పు తమ్ముడా.”

“బతికున్నాను లా. ఇన్నాళ్లూ నేలమాళిగలోనే. వాననీళ్లు తాగినాం, ఆఖర్న పశువుల దాణా ఉడకేసుకుని తిన్నాం. ఆగాగు, ఫ్యాను ఓరన ఆ గోడ మీద నా ఫోటోకి దండేటి?”

“నెలల తరబడి నీ కబురు లేదు. పోయినావనుకొని పెద్దకర్మ సేసీసినాం.”

“పిండం కూడా పెట్టినారా?”

“ఏటి ఒడ్డున పెట్టినాం. కాకి ముట్టలేదు. నీకేదో కోరిక మిగిలిందనుకొని దండాలెట్టినాం. నీ మోటార్‌సైకిల్ అమ్మబోమని మాట కూడా ఇచ్చినాం. అయినా ముట్టలేదు.”

“బతికున్నోడి పిండం కాకెలా ముడతాది? మీకెవరికీ అనుమానం రాలేదా?”

“నాకొచ్చింది.”

“మరి?”

“మీ బావ ముద్ద తీసి ఏట్లో కలిపీసినారు. నేను నోరెత్తలేదు.”

“ఇంకాసేపు సూడొచ్చు కదక్కా.”

తెర మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

“అప్పటికే భోజనాలు సల్లారిపోయినాయిరా. అందరికీ ఆకలేసింది.”