ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము

దగ్గరికి జరిగి విను. లాక్‌డౌన్‌లో, చీరల మిల్లులుండే పర్వత్ పాటియాలోని మా గదిలో, బొమ్మల కాలేజీలో చదివే నా మనవరాలు ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది.

"ఏందే, గట్ల ఏడుస్తున్నవ్?"

"ఐదింటికి బొమ్మ పంపాలె, నాయినమ్మా. సార్ చీర రంగు మార్చుమన్నడు. రంగు తుడిస్తే మొహం గూడ పోతుంది!"

"ఎందుకు పోతుంది?"

"ఫోన్‌ల అన్నీ ఒక్క లేయర్ మీదనే గీసిన. లేయరంటే అద్దం లెక్కటి కాగితం, ఒకదాని మీదొకటి పెడ్తరట. ఇప్పుడే తెలిసింది. నేర్పే వీడియోలన్నీ ఇంగ్లీషులనే ఉన్నయ్."

"ఓసి పిచ్చిదానా! మిల్లుల చీరెలకు రంగులద్దేటప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము, అంటే జాలిగుడ్డ బిగించిన చట్రం, పెడ్తుంటిమి. ఎర్ర ఫ్రేము తీస్తే పచ్చరంగు పోతదా?"

"నీకు ఫోన్ ఎత్తుడే రాదు గదా, నిన్నేం అడగాలె?"

"రంగు అడగాలె. మొహం ఒక కాగితం మీద గియ్యి, చీర ఇంకోదాని మీద గియ్యి."

"గంటనే ఉంది. అయితదా?"

"ఏడుపు ఆపితే అయితది."

ఐదుకు నిమిషం ముందు బొమ్మ వెళ్లింది. ఇది గుర్తుపెట్టుకో. దారి తెలియక ఏడ్చే పిల్ల కనబడితే, ఇంట్లో ముసలిదాన్ని ఒకమాట అడగమని చెప్పు.