నీలకంఠం విరిచిన కిరీటం

సినిమా హాలు ఎదురుగోడ మీద అంటించిన పోస్టరుకి ఇంకా తడి ఆరలేదు. పన్నెండేళ్ల తర్వాత ‘చుక్కల దళం’ మళ్లీ వస్తోంది. నాలుగో భాగం, అదీ రంగుల్లో. పోస్టరు మీద కెప్టెన్ నీలకంఠం నెత్తిన కిరీటం పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని సింహాసనం మీద కూచున్నాడు. మూడు భాగాలపాటు ఏ రాహుగ్రహం చక్రవర్తి మీద యుద్ధం చేశాడో ఆ చక్రవర్తి సింహాసనమే అది.

ఉస్మాన్ అటు చూడటం లేదు. ఖాతూన్ బీ టీ బంకు బెంచీ మీద కూచుని నల్లజెండాలు కత్తిరిస్తున్నాడు. వాళ్ల నాయనది గొడుగులు బాగుచేసే షాపు. పాత గొడుగుల నుంచి ఊడదీసిన గుడ్డ అది. శుక్రవారం మొదటాటకి అభిమాన సంఘం హాలు ముందు పూలదండలతో నిలబడాలా, నల్లజెండాలతోనా అన్నది ఇవాళ తేలాలి.

“రాజీ అంటే లొంగుబాటే. కిరీటం విరగ్గొట్టినవాడి చేతే కిరీటం పెట్టించారు. ఇది సినిమా కాదు, ద్రోహం,” అన్నాడు ఉస్మాన్.

“నాకూ కడుపు రగిలిపోతందిరా,” అన్నాడు సంఘం అధ్యక్షుడు కోటయ్య. శావల్యాపురంలో మిరప పండించే రైతు. “కానీ ఆ చుక్కల్లో తిరిగే ఓడ లేచేటప్పుడు ఒక మోత వస్తది చూడు, అది ఇంకోసారి చెవినపడితే చాలనిపిస్తంది. చెత్తగా తీసుంటారు, తెలుసు. తెలిసి కూడా నిద్ర పట్టట్లా.”

ఉస్మాన్‌కి నిద్ర పట్టకపోవడానికి కారణం వేరు. “కిరీటం ఎవడి నెత్తిన ఉన్నా, బరువు మాత్రం మోసేవాడి మెడ మీదే.” మూడో భాగం ఆఖర్లో కిరీటాన్ని మోకాలికేసి విరుస్తూ నీలకంఠం అన్న మాట ఇది. ఉస్మాన్ పదేళ్ల వయసులో, శావల్యాపురం సినిమా టెంటులో, నేల మీద కూచుని చూశాడు. ఆ భాగం మళ్లీ ఇటువైపు రాలేదు. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని ఊరేగింపుల్లో గొంతు చించుకున్నా, అన్నిటికీ అడుగున ఆ మాటే ఉంది. నిరుడు దాన్ని ఎర్రరంగుతో కాలేజీ గోడ మీద రాశాడు. సీటు పోయింది. పోలీసులు కొట్టిన దెబ్బకి ఎడమ చెవి పోయింది. నీలకంఠం రాజ్యమే వదిలాడు, నేను సీటు వదల్లేనా అనుకున్నాడు.

ఉస్మాన్‌కి ఎడంపక్క కూచున్న దావూద్ గొంతు సవరించుకున్నాడు. ఉస్మాన్ అలవాటుగా తల తిప్పి, వినపడే చెవి అటు పెట్టాడు. ఒకే ప్రింటుని రెండు ఊళ్లలో ఆడించే రోజుల్లో, ఇక్కడ పేట హాల్లో ఆట అయిన రీళ్లని సైకిలుకి కట్టుకుని శావల్యాపురం టెంటుకి చేర్చేవాడు. ఆ పని పోయి చాలా ఏళ్లయింది. నోరు మాత్రం తొక్కటం ఆపలేదు.

“అసలు మూడో భాగాన్ని ఈ తాలూకాలో బతికించింది ఎవరనుకున్నారు?” అన్నాడు. “నేను. పెద్ద గొప్పేం కాదులే, ఎవడన్నా చేస్తాడు. శివరాత్రి, జాగారం ఆటలు. మిగతా రీళ్లు ముందే బస్సుకి పోయినయ్, ఆఖరిది ఇక్కడ మిషన్లో తెగింది, అతికేసరికి పొద్దుగూకింది. ఓనరు డబ్బా నా చేతిలో పెట్టి, దావూదూ, అక్కడ ఇంటర్వెల్ అయిపోయుద్ది, నీ దయ అన్నాడు. సైకిలెక్కా. వినుకొండ రైలు నాకంటే ముందు కదిలింది, గేటు దాటేలోపే దాన్ని వెనకేశా. డ్రైవరు తల బయటపెట్టి, సాయిబూ కాస్త మెల్లగా పో, ఇంజను చిన్నబుచ్చుకుంటంది అన్నాడు.”

“ఇంజను చిన్నబుచ్చుకునేదేంది దావూదన్నా?” అన్నాడు కోటయ్య.

“బొగ్గు తినే దానికి రోషం ఎక్కువ. విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోటప్పకొండ దారి. తిరనాళ్లకి పోయే వెదురు ప్రభలు. తాటిచెట్టుకి రెండింతల ఎత్తు, బల్బులేసుకుని, ఒకదాని వెనక ఒకటి. ఎడ్లు, జనం, చీమ దూరే సందు లేదు. ఇంకొకడైతే వెనక్కి తిరిగేవాడు. నేను డబ్బా నెత్తిన పెట్టుకుని, ముందు చక్రం ప్రభ వెదురు మీద ఆనించి, నిట్టనిలువుగా ఎక్కించా. ఒక ప్రభ మీద నుంచి ఇంకో ప్రభ మీదికి, చేలగట్టు మీద పోయినట్టు పోతన్నా. కింద జనం ఇదేదో కొత్త దేవుడని దండాలు పెడతన్నారు. ఆఖరి ప్రభ కొస మీద బ్రేకు పడలా. గాల్లోకి లేచా. కాకి వాలని కొండ అంటారే, ఆ కొండ మీద నేను వాలా.”

“సాయిబువి నువ్వు వాలితే కొండ మీది మా కోటయ్యసామి ఊరుకున్నాడా?” అన్నాడు ఆ సామి పేరే పెట్టుకున్న కోటయ్య.

“ఊరుకోలా. వెనక నుంచి ఒక తోపు తోశాడు. టెంటులో జనం కూచున్నారు పో అన్నాడు. ఆ తోపుకి చుక్కల్లో పడ్డా. అక్కడ పంచరు. చుక్క కొన గుచ్చుకుంది. ఏం చేస్తాం, ఆ చుక్కనే గిల్లి, అరగదీసి ప్యాచీ వేశా. ఆ ట్యూబు ఇప్పటికీ ఇంట్లోనే ఉంది, కరెంటు పోతే మీ వదిన దాని వెలుగులోనే వండుద్ది.”

కోటయ్య నవ్వాడు. ఉస్మాన్ కత్తెర మాత్రం గుడ్డ మీద కోపంగా నడుస్తూనే ఉంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆపారు నన్ను. రాహుగ్రహం చక్రవర్తి. సినిమాలో వేషం కట్టినోడు కాదు, అసలోడు. డబ్బాలో ఏంది అన్నాడు. నీ చావు అన్నా. ఆడి మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ రీలు ఇక్కడ పారెయ్, సగం రాజ్యం ఇస్తా అన్నాడు. నేల టిక్కెట్టోళ్లు ఎదురుచూస్తన్నారు, కుదరదన్నా. అయితే మొత్తం తీసుకో అని కిరీటం తీసి నా నెత్తిన పెట్టాడు. అప్పటికే నెత్తిన డబ్బా ఉందా, దాని మీద ఇదొకటి. మెడ నరాలు తెగిపోతన్నయ్. తీశా. మోకాలికేసి ఫట్‌మని విరిచా.”

కత్తెర ఆగింది.

“మామూ, అది నీలకంఠం చేసింది,” అన్నాడు ఉస్మాన్.

“ఎవర్ని చూసి చేశాడనుకున్నావ్ అల్లుడా? డబ్బా సందులోంచి చూస్తన్నాడు ఆడు. నేను విరిచాకే ఆడు విరిచాడు. ఆ మాట కూడా నాదే. మెడ నొప్పికి నేనన్నదే ఆడు పట్టుకున్నాడు.”

“కోతలు కోయటానికి మీకు రైలు చాలలేదా, కొండ చాలలేదా? ఆ సీను జోలికి మాత్రం రావద్దు. నా కళ్లతో చూశా నేను.”

“చూళ్లేదు బేటా,” అంది ఖాతూన్ బీ, టీ వడగడుతూనే. “విన్నావు.”

అందరూ అటు తిరిగారు. అప్పట్లో ఆమె టెంటులో వేపిన శనక్కాయలు అమ్మేది.

“ఆ రీలు టెంటుకి రాలా. ప్రభల మధ్య చెయిను తెగి ఈయన పడ్డాడు. డబ్బా మూత ఊడి రీలంతా రోడ్డున పరుచుకుంటే ఎడ్లు తొక్కినయ్, పిల్లోళ్లు ముక్కలు ఏరుకుపోయారు. సైకిలు మెడ మీద మోసుకుంటా నడిచొచ్చాడు. అప్పటికే జనం టెంటు గుంజలు పీకుతన్నారు, ఓనర్ని తంతామంటన్నారు. ఈయన పోయి తెల్లతెర ముందు నిలబడి, ఆఖరి రీలు నోటితో చెప్పాడు. లేని కిరీటాన్ని మోకాలికేసి విరిచి చూపించాడు. నువ్వు ముందు వరసలో కూచుని ఏడ్చావు. శనక్కాయలు పెట్టి నేనే ఊరుకోబెట్టా.”

“నేను వెనక వరసలో ఉన్నా,” అన్నాడు కోటయ్య. “నేనూ చూసినట్టే గుర్తు.” మళ్లీ తనే, “మరి అసలు రీల్లో ఏముంది బీబమ్మా?” అని అడిగాడు.

“ఆ పగలే పేటలో విడుదల, మొదటాట చూసి టెంటుకి పోయా నేను. రీలు పోయాక ఇక్కడ కూడా మళ్లీ ఆడలా. ఏముంది, ఆ గోడ మీద ఉన్నదే. కిరీటం పెట్టుకుంటాడు, చక్రవర్తి కూతురు దండ వేస్తది, శుభం.”

ఉస్మాన్ పోస్టరు వంక మొదటిసారి తిన్నగా చూశాడు. అక్కడ ద్రోహం ఏమీ లేదు. ఆపిన చోటు నుంచే మొదలుపెట్టారు. నీలకంఠం ఎప్పుడూ అక్కడే, ఆ సింహాసనం మీదే కూచుని ఉన్నాడు.

“అయితే జెండాల పని లేదు,” అన్నాడు కోటయ్య. టీ గ్లాసు కింద పెట్టి, “దండకి కూడా చెప్పబుద్ధి కావట్లా,” అన్నాడు.

ఒళ్లో నల్లగుడ్డలు కుప్పగా ఉన్నాయి. అవి ఎవరికి చూపించాలో ఉస్మాన్‌కి తెలియలేదు. నిర్మాత తప్పు చేయలేదు. నీలకంఠం మాట తప్పలేదు, వాడు ఆ మాట అననేలేదు. తను సీటూ చెవీ ఇచ్చింది ఎడ్లు తొక్కేసిన రీలుకి, ఉత్త తెర ముందు తన్నులకి భయపడి నిలబడిన మనిషికి.

“నిజమేనా మామూ?” అన్నాడు.

దావూద్ మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకున్నాడు. గ్లాసులో మిగిలిన టీ వంక చూశాడు. తర్వాత అలవాటైన గొంతుతోనే, కాస్త నెమ్మదిగా, “ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు.

ఎవరూ ఏమైందని అడగలేదు. దావూద్ ఇంకేదో చెబుతున్నాడు. ఉస్మాన్‌కి అటుపక్కది వినపడని చెవి. ఈసారి తల తిప్పలేదు.